తక్కువ నికోటిన్ సిగరెట్లు: పొగతాగే అలవాటుపై ప్రభావం

పొగాకులోని నికోటిన్‌ను సుమారు 95 శాతం లేదా అంతకంటే ఎక్కువ తగ్గించి చేసిన సిగరెట్లను అతి తక్కువ నికోటిన్ సిగరెట్లు అంటారు. చూపుకు ఇవి మామూలు సిగరెట్లలాగే ఉంటాయి. వెలిగిస్తే పొగ వస్తుంది, ఆ పొగలో తారు ఉంటుంది, కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. అలవాటును వదలనివ్వని నికోటిన్ మాత్రం నామమాత్రంగా ఉంటుంది. వీటిని చేతికిస్తే జనం లోటు పూడ్చుకోవడానికి ఇంకా ఎక్కువ కాలుస్తారా, లేక క్రమంగా తగ్గిస్తారా అన్నది దశాబ్దాలుగా సాగిన చర్చ. 2010 తర్వాత అమెరికాలో జరిగిన పెద్ద పరీక్షలు దీనికి చాలావరకు సమాధానం చెప్పాయి. నికోటిన్‌ను కొద్దిగా తగ్గిస్తే అలవాటులో చెప్పుకోదగ్గ మార్పు రాదు. ఒక మట్టానికి దిగువకు తెస్తే రోజుకు కాల్చే సిగరెట్లూ తగ్గుతాయి, వాటిపై ఆధారపడటమూ తగ్గుతుంది. అయితే మామూలు సిగరెట్ పక్క దుకాణంలో దొరుకుతున్నంత కాలం ఎక్కువమంది దాన్ని పూర్తిగా వదలరు.

ఆకు నుంచి మెదడుకు

నికోటిన్ పొగాకు మొక్క వేళ్లలో తయారై ఆకుల్లోకి చేరుతుంది. పురుగుల బారి నుంచి మొక్కను కాపాడే రసాయనమిది. ఆకులో ఎంత ఉంటుందన్నది రకం, నేల, వేసిన నత్రజని, సాగు పద్ధతిని బట్టి మారుతుంది. ఏలూరు జిల్లా జంగారెడ్డిగూడెం ప్రాంతపు తేలిక నేలల్లో వర్జీనియా పొగాకు పండించే రైతు పూమొగ్గ తొడగగానే మొక్క తల తుంచేస్తాడు. ఆ తర్వాత ఆకు మొదళ్లలో పుట్టుకొచ్చే పిలకలనూ తీసేస్తాడు. పువ్వుకూ గింజకూ పోవలసిన బలం ఆకుకు పట్టి ఆకు మందమెక్కుతుంది, నికోటిన్ కూడా పెరుగుతుంది.

సాధారణ సిగరెట్లో గ్రాము పొగాకుకు 10 నుంచి 20 మి.గ్రా. నికోటిన్ ఉంటుంది. ఒక్కో సిగరెట్లో మొత్తం 10 నుంచి 14 మి.గ్రా. దాకా ఉండగా, తాగేవారి ఒంటికి పట్టేది 1 నుంచి 1.5 మి.గ్రా. మాత్రమే. మిగతాది బూడిదలో, పీకలో, గాలిలో పోతుంది. గట్టిగా దమ్ము లాగేవారు, చివరి దాకా కాల్చేవారు ఈ వృథా అయ్యే భాగంలోంచి ఇంకొంత రాబట్టుకోగలరు. నికోటిన్ తగ్గించే ఏ ప్రయత్నమైనా ఈ మిగులును లెక్కలోకి తీసుకోకపోతే విఫలమవుతుంది.

ఊపిరితిత్తుల్లోకి పోయిన నికోటిన్ 10 నుంచి 20 సెకన్లలో మెదడుకు చేరుతుంది. అక్కడి గ్రాహకాలకు అతుక్కుని డోపమిన్ విడుదలకు కారణమవుతుంది. రక్తంలో దాని అర్ధాయువు సుమారు 2 గంటలు. అందువల్ల అలవాటు ముదిరినవారికి రోజంతా మళ్లీ మళ్లీ సిగరెట్ కావాల్సి వస్తుంది. నికోటిన్ కొద్దిగా ఉన్నా ఈ గ్రాహకాలు నిండిపోతాయని మెదడు స్కానులు చూపాయి. లాస్ ఏంజెలెస్ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, పొగను యంత్రంతో కొలిస్తే 0.6 మి.గ్రా. నికోటిన్ ఇచ్చే సిగరెట్ ఒకటి కాల్చినా ప్రధాన గ్రాహకాల్లో 79 శాతం నిండాయి. 0.05 మి.గ్రా. ఇచ్చే సిగరెట్‌తో 26 శాతమే నిండాయి. సగానికి సగం తగ్గించినా మెదడుకు పెద్దగా తేడా తెలియదని దీని అర్థం.

'లైట్' సిగరెట్ల అనుభవం

నికోటిన్ తగ్గిస్తే జనం ఎక్కువ కాలుస్తారన్న భయం 'లైట్', 'మైల్డ్' సిగరెట్ల నుంచి వచ్చింది. 1967 నుంచి అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పద్ధతిలో ఒక యంత్రం నిమిషానికి ఒకసారి, 2 సెకన్ల పాటు, 35 మి.లీ. చొప్పున పొగ పీల్చేది. ఆ పొగలో దొరికిన తారు, నికోటిన్ అంకెలనే కంపెనీలు ప్రకటనల్లో చూపేవి. అంకెలు తగ్గించడానికి అవి ఎంచుకున్న ప్రధాన మార్గం ఫిల్టర్ చుట్టూ కంటికి ఆనని సన్నటి రంధ్రాలు. దమ్ము లాగినప్పుడు ఆ రంధ్రాల గుండా గాలి చేరి పొగ పలచబడుతుంది. లోపలి పొగాకులో నికోటిన్ మాత్రం ఎప్పటిలాగే ఉండేది.

యంత్రం రంధ్రాలు మూయదు. మనిషి వేళ్లో పెదవులో వాటిని మూసేస్తాయి, చాలాసార్లు తనకు తెలియకుండానే. దమ్ము పెద్దదవుతుంది, లోతుగా పోతుంది, ఒక్కో సిగరెట్‌కు దమ్ముల సంఖ్యా పెరుగుతుంది. తనకు అలవాటైన మోతాదు అందేదాకా సర్దుకునే ఈ తీరును పరిశోధకులు పరిహార ధూమపానం అంటారు. లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రికి చెందిన మైఖేల్ రస్సెల్ 1970లలోనే దీన్ని గుర్తించాడు. జనం నికోటిన్ కోసం కాలుస్తారని, చంపేది మాత్రం తారు అని ఆయన వాదం. 1983లో నీల్ బెనోవిట్జ్ బృందం రక్త పరీక్షలతో ఇదే తేల్చింది. తక్కువ అంకెల సిగరెట్లు తాగేవారి ఒంట్లో నికోటిన్ ఏమీ తక్కువగా లేదు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 2001లో వెలువరించిన సమగ్ర నివేదిక, లైట్ సిగరెట్లతో ప్రజారోగ్యానికి ఒనగూరిందేమీ లేదని నిర్ధారించింది. యంత్రపు అంకెలకు ఉన్న ఆమోదాన్ని ట్రేడ్ కమిషన్ 2008లో ఉపసంహరించుకుంది. అమెరికా 2009లో చేసిన పొగాకు నియంత్రణ చట్టం 'లైట్', 'మైల్డ్', 'లో' అన్న మాటలను పెట్టెలపై నిషేధించింది.

ఆకులోనే తగ్గించడం

పొగను పలచన చేయడం ఒకటి, ఆకులోంచే నికోటిన్‌ను తీసేయడం మరొకటి. ఆకులో లేని నికోటిన్‌ను ఎంత గట్టిగా లాగినా రాబట్టలేం.

దీనికి మొదటి మార్గం శుద్ధి. 1980ల చివర ఫిలిప్ మోరిస్ కంపెనీ, కాఫీ గింజల్లోంచి కెఫీన్ తీసే పద్ధతి వంటిదాన్నే వాడింది. అధిక పీడనంలో ఉంచిన కార్బన్ డయాక్సైడ్‌తో ఆకులోని నికోటిన్‌ను తొలగించి 'నెక్స్ట్' పేరుతో అమ్మిచూసింది. అది మార్కెట్లో నిలవలేదు. రెండో మార్గం మొక్కను మార్చడం. నికోటిన్ తయారీని నియంత్రించే రెండు జన్యు స్థానాల్లో సహజమైన మార్పులున్న తక్కువ నికోటిన్ బర్లీ రకాన్ని అమెరికా శాస్త్రవేత్తలు 1970 నాటికే తయారుచేశారు. ఆ తర్వాత నికోటిన్ తయారీకి కీలకమైన ఒక ఎంజైము జన్యువును అణచివేసిన మొక్కలు వచ్చాయి. వీటితో వెక్టర్ టొబాకో కంపెనీ 2003లో 'క్వెస్ట్' అనే సిగరెట్లను మూడు అంచెల్లో, 0.6, 0.3, 0.05 మి.గ్రా. యంత్రపు అంకెలతో విడుదల చేసింది. ప్రస్తుతం ఈ రంగంలో ప్రధానంగా వినిపించే పేరు ట్వంటీసెకండ్ సెంచరీ గ్రూప్. అమెరికా మాదకద్రవ్య పరిశోధన సంస్థ కోసం వివిధ నికోటిన్ స్థాయుల 'స్పెక్ట్రమ్' పరిశోధక సిగరెట్లు దాని మొక్కల నుంచే వచ్చాయి. 2021 డిసెంబరులో దాని 'వీఎల్ఎన్' సిగరెట్లకు, నికోటిన్ 95 శాతం తక్కువని చెప్పుకుని అమ్మే అనుమతిని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇచ్చింది.

వ్యసన మట్టం

1994లో బెనోవిట్జ్, జాక్ హెనింగ్‌ఫీల్డ్ ఒక ప్రతిపాదన చేశారు. రోజుకు ఐదు సిగరెట్లకు మించకుండా ఏళ్ల తరబడి కాలుస్తూ కూడా వ్యసనానికి లోనుకాని కొద్దిమందిని వారు ఆధారంగా తీసుకున్నారు. రోజుకు 5 మి.గ్రా. లోపు నికోటిన్ అందితే వ్యసనం పట్టుకునే అవకాశం తక్కువని లెక్కగట్టారు. సిగరెట్లోని నికోటిన్‌లో కొంతే ఒంటికి పడుతుంది కాబట్టి, రోజుకు 30 సిగరెట్లు కాల్చినా ఆ హద్దు దాటకూడదంటే ఒక్కో సిగరెట్లో మొత్తం నికోటిన్ 0.4 నుంచి 0.5 మి.గ్రా. మించరాదు. కొత్తగా మొదలుపెట్టే కుర్రవాళ్లు సరదాగా నాలుగు రోజులు కాల్చి, ఏమీ అనిపించక మానేస్తారన్నది ఈ ప్రతిపాదన వెనుక ఆశ. ఇప్పటికే అలవాటు పడ్డవారి సంగతి వేరు. వారు ఎలా ప్రవర్తిస్తారో పరీక్షించి చూడాల్సిందే.

ప్రధాన పరీక్షలు

2010లో డొరొతీ హట్సుకామి బృందం క్వెస్ట్ సిగరెట్లతో చేసిన పరీక్షలో రెండు స్థాయుల మధ్య తేడా స్పష్టంగా కనిపించింది. 0.3 మి.గ్రా. రకం ఇచ్చినవారు లోటు పూడ్చుకోవడానికి గట్టిగా లాగారు. 0.05 మి.గ్రా. రకం ఇచ్చినవారిలో ఆ ధోరణి కనిపించలేదు, పైగా మానేసినవారి శాతం నికోటిన్ చప్పరించు బిళ్లలు వాడినవారితో సమానంగా ఉంది.

2015 అక్టోబరులో ఎరిక్ డానీ బృందం ప్రచురించిన పరీక్ష ఈ రంగంలో మైలురాయి. పది కేంద్రాల్లో 840 మంది పాల్గొన్నారు. మానేయాలన్న ఉద్దేశం ఉన్నవారిని తీసుకోలేదు. ఒక బృందానికి వారి సొంత బ్రాండే ఇచ్చి, మిగతా వారికి గ్రాముకు 15.8 నుంచి 0.4 మి.గ్రా. వరకు వేర్వేరు స్థాయుల స్పెక్ట్రమ్ సిగరెట్లు ఆరు వారాల పాటు ఉచితంగా ఇచ్చారు. ఎవరికి ఏ స్థాయి వచ్చిందో తాగేవారికీ తెలియదు, ఇచ్చేవారికీ తెలియదు. ఆరో వారంలో రోజువారీ సగటులు ఇవి:

- సొంత బ్రాండ్: 22.2 సిగరెట్లు
- గ్రాముకు 15.8 మి.గ్రా.: 21.3
- 5.2 మి.గ్రా.: 20.8
- 2.4 మి.గ్రా.: 16.5
- 1.3 మి.గ్రా.: 16.3
- 0.4 మి.గ్రా.: 14.9

నికోటిన్‌ను మూడింట రెండు వంతులు తగ్గించిన 5.2 దగ్గర అంకె దాదాపు కదల్లేదు. 2.4కు దిగగానే ఒక్కసారిగా పడింది. 0.4 బృందంలో సిగరెట్ మీద యావ, ఆధారపడటం తగ్గాయి. పరీక్ష ముగిశాక నెల రోజుల్లో మానేసే ప్రయత్నం చేసినవారు, 15.8 బృందంతో పోలిస్తే 0.4 బృందంలో సుమారు రెట్టింపు.

నికోటిన్‌ను ఒక్కసారిగా తగ్గించాలా, మెట్టు మెట్టుగానా అన్న ప్రశ్నకు హట్సుకామి బృందం 2018లో 1,250 మందితో చేసిన 20 వారాల పరీక్ష జవాబిచ్చింది. ఒక బృందానికి మొదటి రోజు నుంచే 0.4 మి.గ్రా. సిగరెట్లు, మరో బృందానికి నెలనెలా తగ్గుతూ పోయే సిగరెట్లు, మూడో బృందానికి మామూలు స్థాయివి ఇచ్చారు. ఒక్కసారిగా తగ్గించిన బృందంలో ఊపిరిలోని కార్బన్ మోనాక్సైడ్, మూత్రంలో కనిపించే విషపదార్థాల గుర్తులు గణనీయంగా తగ్గాయి. సిగరెట్ ముట్టని రోజులు కూడా వారికే ఎక్కువ. మెట్టు మెట్టుగా తగ్గించినవారికీ మామూలు బృందానికీ పరీక్షాకాలం మొత్తమ్మీద చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే ఒక్కసారిగా తగ్గించడానికి మూల్యమూ ఉంది. చిరాకు, నిద్రలేమి వంటి ఇబ్బందులు ఆ బృందంలోనే ఎక్కువ, పరీక్షను మధ్యలో వదిలి వెళ్లిపోయినవారూ వారిలోనే ఎక్కువ.

కుంగుబాటు, ఆందోళన వంటి సమస్యలున్నవారు, మత్తుమందుల వ్యసనానికి చికిత్స పొందుతున్నవారు, పేద మహిళలు ఈ మార్పు తట్టుకోలేరేమోనన్న సందేహం ఉండేది. స్టీఫెన్ హిగ్గిన్స్ బృందం 2020లో ఇలాంటి 775 మందితో 12 వారాల పరీక్ష ఫలితాలు ప్రచురించింది. మిగతా పరీక్షల్లోలాగే 0.4 మి.గ్రా. సిగరెట్లు వారి రోజువారీ సంఖ్యనూ తగ్గించాయి.

మానేయాలని నిశ్చయించుకున్నవారికి ఇవి తోడ్పడతాయా అన్నది న్యూజిలాండ్‌లో చూశారు. 2012లో ప్రచురితమైన అధ్యయనంలో, పొగ మానేందుకు సాయపడే క్విట్‌లైన్‌కు ఫోన్ చేసిన 1,410 మందిలో సగం మందికి మామూలు సహాయంతో పాటు ఈ సిగరెట్లు కూడా ఆరు వారాలు ఇచ్చారు. ఆరు నెలల తర్వాత మానేసి ఉన్నవారు వారిలో 33 శాతం, మిగతావారిలో 28 శాతం.

దమ్ము తీరులో మార్పు

ప్రయోగశాలలో సిగరెట్‌ను చిన్న గొట్టం వంటి పరికరానికి తగిలించి కాల్పిస్తారు. ప్రతి దమ్ము ఎంత పరిమాణంలో ఉంది, ఎన్ని సెకన్లు సాగింది, దమ్ముకూ దమ్ముకూ ఎంత ఎడం ఉందన్నది కంప్యూటర్లో నమోదవుతుంది. కాల్చే ముందూ తర్వాతా ఒక మీటరులోకి ఊదించి ఊపిరిలోని కార్బన్ మోనాక్సైడ్ కొలుస్తారు. లోటు పూడ్చుకునేవారెవరైనా ఇక్కడ దొరికిపోతారు.

అతి తక్కువ నికోటిన్ సిగరెట్లు చేతికొచ్చిన మొదట్లో కొందరు కాస్త గట్టిగా లాగడం కనిపిస్తుంది. ఎంత లాగినా దక్కేదేమీ లేదని ఒంటికి తెలిసిపోవడంతో ఆ ధోరణి త్వరలోనే వాడిపోతుంది. డానీ పరీక్షలో 0.4 బృందంవారి మొత్తం దమ్ముల పరిమాణం గానీ, కార్బన్ మోనాక్సైడ్ గానీ మామూలు బృందం కంటే పెరగలేదు.

మరో విశేషం ఏమిటంటే, నికోటిన్ లేకున్నా ఈ సిగరెట్లు యావను కొంతసేపు తీరుస్తాయి. చేతిలో సిగరెట్, నోట్లో పొగ, గొంతులో ఘాటు, టీ తర్వాతి ఆ విరామం, వీటన్నిటికీ ఏళ్ల తరబడి నికోటిన్‌తో ముడిపడిన ఆకర్షణ ఉంటుంది. పొగ తాగుతున్నా ప్రతిఫలం అందకపోతే ఆ ముడి మెల్లగా సడలుతుంది. మందుతో పాటు సందర్భమూ వ్యసనంలో భాగమేనన్న అభిప్రాయానికి ఇది బలమిచ్చింది.

చాటుగా మామూలు సిగరెట్

ఈ పరీక్షలన్నిటికీ ఒక బలహీనత ఉంది. పాల్గొన్నవారు బయటికి వెళ్తే మామూలు సిగరెట్లు కొనుక్కోవచ్చు. నికోటిన్ ఒంట్లో విచ్ఛిన్నమయ్యాక మిగిలే కొటినిన్ వంటి పదార్థాలను మూత్రంలో కొలిచి చూస్తే, 0.4 బృందంలో సుమారు మూడొంతుల మంది తమకిచ్చిన సిగరెట్లతోనే సరిపెట్టుకోలేదని తేలింది. అంటే తగ్గుదలకు సంబంధించిన అంకెలు నిజమైన ప్రభావాన్ని పూర్తిగా చెప్పవు. అందరికీ ఒకే నియమం వర్తించి మామూలు సిగరెట్లు ఎక్కడా దొరక్కపోతే ఫలితం ఇంకా పెద్దదవుతుందని సమర్థకుల వాదన. అప్పుడు దొంగసరుకు పెరుగుతుందని విమర్శకుల వాదన. ఈ-సిగరెట్లు, నికోటిన్ బిళ్లలు వంటివి అందుబాటులో ఉంటే జనం అటు మళ్లడం సులువవుతుందన్నది మధ్యేమార్గంగా వినిపించే మాట.

ఆరోగ్యం, అపోహలు

నికోటిన్ వ్యసనానికి కారణమవుతుంది. క్యాన్సర్, ఊపిరితిత్తుల జబ్బులు ప్రధానంగా పొగలోని ఇతర పదార్థాల వల్ల వస్తాయి. అతి తక్కువ నికోటిన్ సిగరెట్ పొగలోనూ అవన్నీ ఉంటాయి కాబట్టి, ఒక్కో సిగరెట్ లెక్కన చూస్తే ఇది మామూలు సిగరెట్ కంటే సురక్షితం కాదు. లాభమంతా కాల్చే సంఖ్య తగ్గడంలో, మానేయడంలో, అసలు మొదలుపెట్టకపోవడంలో ఉంది. నికోటిన్ తక్కువంటే ప్రమాదం కూడా తక్కువేనని చాలామంది నమ్ముతున్నట్టు సర్వేలు చూపాయి. ఆ నమ్మకంతో మానేయాల్సినవాడు మానకపోతే లైట్ సిగరెట్ల కథే మళ్లీ నడుస్తుంది.

చట్టాలు, విధానాలు

అమెరికా 2009 చట్టం ప్రకారం ఎఫ్‌డీఏ సిగరెట్లలో నికోటిన్‌ను తగ్గించమని ఆదేశించవచ్చు, సున్నాకు తెమ్మని ఆదేశించే అధికారం మాత్రం దానికి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ నిపుణుల బృందం 2015లో దేశాలకు ఈ మార్గాన్ని సూచించింది. 2017 జులైలో అప్పటి ఎఫ్‌డీఏ కమిషనర్ స్కాట్ గాట్లీబ్ ఈ విధానాన్ని ప్రకటించారు. 2025 జనవరిలో ఆ సంస్థ ముసాయిదా నిబంధన విడుదల చేసింది. సగటున గ్రాముకు 17.2 మి.గ్రా. ఉన్న నికోటిన్‌ను 0.7 మి.గ్రా.కు పరిమితం చేయాలన్నది ప్రతిపాదన. అమలైతే ఏడాదిలో 1.29 కోట్ల మంది మానేస్తారని, 2100 నాటికి సుమారు 4.8 కోట్ల మంది యువత అసలు మొదలుపెట్టరని సంస్థ అంచనా.

న్యూజిలాండ్ ఇంకో అడుగు ముందుకేసింది. 2022 డిసెంబరులో చేసిన చట్టం గ్రాముకు 0.8 మి.గ్రా. పరిమితిని 2025 ఏప్రిల్ నుంచి అమలు చేయాలంది. అమ్మే దుకాణాలను సుమారు 6,000 నుంచి 600కు తగ్గించాలని, 2009 జనవరి 1న లేదా ఆ తర్వాత పుట్టినవారికి పొగాకు అమ్మరాదని కూడా అందులో ఉంది. ప్రభుత్వం మారడంతో ఇవేవీ అమల్లోకి రాకముందే 2024 ఫిబ్రవరిలో ఆ నిబంధనలను రద్దు చేశారు.

భారతదేశంలో

భారతదేశంలో 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం, పెట్టెలపై నికోటిన్, తారు పరిమాణాలను, వాటి గరిష్ఠ పరిమితులను ముద్రించాలన్న నిబంధన పెట్టింది. యంత్రపు అంకెలు తప్పుదారి పట్టిస్తాయని తేలాక, అలాంటి అంకెలు పెట్టెలపై వేయవద్దని ప్రపంచ పొగాకు నియంత్రణ ఒడంబడిక మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఇక్కడ పరిమితి పెట్టాలంటే పొగలో కాదు, ఆకులో కొలవాలి. వర్జీనియా పొగాకు ప్రధానంగా పండేది ఆంధ్రప్రదేశ్, కర్ణాటకల్లో. పొగాకు బోర్డు గుంటూరులో, 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థగా ఏర్పడిన సంస్థ రాజమహేంద్రవరంలో ఉన్నాయి. ఆకులో నికోటిన్ తగ్గించాలంటే విత్తనం, ఎరువు, తల తుంచే పద్ధతి అన్నీ మారాలి. అందుచేత ఈ నిర్ణయం మొదట తగిలేది రైతుకే.

అంతకంటే పెద్ద చిక్కు వేరే ఉంది. 2016-17 జాతీయ సర్వే ప్రకారం దేశంలో పెద్దల్లో సిగరెట్ తాగేవారు 4 శాతం, బీడీ తాగేవారు 7.7 శాతం, ఖైనీ, గుట్కా వంటి పొగరాని పొగాకు వాడేవారు 21.4 శాతం. 2001లో వెలువడిన ఒక అమెరికా పరీక్షలో బీడీల పొగాకులో గ్రాముకు సగటున 21.2 మి.గ్రా. నికోటిన్ ఉండగా, ఫిల్టర్ సిగరెట్లలో 16.3 మి.గ్రా. ఉంది. నిజామాబాద్, సిరిసిల్ల వంటి చోట్ల ఇళ్లలో కూర్చుని మహిళలు తునికాకులో పొగాకు చుట్టి బీడీలు తయారుచేస్తారు. వేలాది ఇళ్లలో జరిగే ఆ పనిలో ప్రతి బీడీ నికోటిన్‌నూ ఒక మట్టానికి కట్టడి చేయడం ఫ్యాక్టరీ సిగరెట్‌తో పోలిస్తే చాలా కష్టం. పాన్ డబ్బాల్లో సిగరెట్లు విడిగా అమ్మడం వల్ల పెట్టె మీది వివరాలు కొనేవారి కంట పడవు కూడా. సిగరెట్‌కు మాత్రమే పరిమితి పెడితే, అమెరికా పరీక్షల్లో కొందరు మామూలు సిగరెట్ల కోసం బయటికి వెళ్లినట్టే, ఇక్కడివారు బీడీకో ఖైనీకో మళ్లే అవకాశం ఉంది. కాబట్టి ఈ విధానం భారతదేశంలో పనిచేయాలంటే సిగరెట్, బీడీ, నమిలే పొగాకు మూడింటికీ ఒకే చట్టంలో పరిమితి ఉండాలి, దానితో పాటు మానేయాలనుకునేవారికి చవకగా చికిత్స అందాలి.